కెమెరా లోపలి లెక్క

ఆ ఏడాది వెనక్కొచ్చిన పార్సెళ్లలో అది మూడోది. పూసల షావుకారు దాన్ని విప్పకుండానే తూకం మీద పెట్టాడు. పంపినప్పుడు నాలుగు కిలోలు, ఇప్పుడూ నాలుగు కిలోలే. అంటే అవతలివాళ్లు ఒక్క పూస కూడా వాడుకోలేదు, ఆ పాటి నిజాయితీ ఉందన్నమాట. లోపల చీటీలో రెండు ముక్కలే రాశారు. ఫోటోలో చిలకపచ్చ, పెట్టెలో ఆకుపచ్చ. మా కుట్టుపని ఆగిపోయింది.

"ఫోనుతో తీస్తే పూస రంగు పూసకుంటుందా?" అంది భార్య, తూకం అవతల కూచుని ఎర్రపూసలు పొట్లాలకి ఎత్తుతూ. "మొన్న నా మొహమే నల్లగా పడింది."

"నీ మొహాన్ని ఎవరూ తిప్పి పంపలేదుగా. ఈ సరుకు తిరిగొచ్చింది."

"ఇరవయ్యేళ్లలో ఈ తూకం దాటించి నన్నెక్కడికి పంపారు గనక, తిరిగి రావడానికి!"

షావుకారు తిరిగొచ్చిన పూసలు సొరుగులోకి వంపుకున్నాడు. ఆ లెక్కలో తను నెగ్గలేడని తెలుసు.

దుకాణం సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. రెండు గోడలకీ చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగు మూతి మీద లోపల ఏముందో చెప్పే ఒక్కో పూస. పచ్చల్లోనే ఏడు రకాలు. వెనకగా కిటికీ పక్కన కవర్లు అతికించే మిషను. పాతికేళ్లుగా షావుకారు కుడిచేతికి అదే పని. పొట్లాం మూతిని మిషను పెదాల మధ్య పెట్టడం, పిడి నొక్కడం, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోవడం, వదలడం. మూడుకి ముందే వదిలితే అతుకు ఊడి దారిలో పూసలు రాలిపోతాయి. మూడు దాటితే కవరు మాడుతుంది. ఆ అలవాటు వేళ్లలోకి ఎంతగా ఇంకిపోయిందంటే, తలుపు గంట కూడా అలాగే నొక్కుతాడు. గంట అంతసేపు మోగిందంటే పెద్దల్లుడొచ్చాడని అత్తవారింట్లో తలుపు తియ్యకుండానే చెప్పేసేవారు.

మూడు పార్సెళ్ల రానుపోను ఖర్చు, ఆగిపోయిన ఆర్డర్లు, పోయిన మాట, అన్నీ కూడి చూసుకున్నాక షావుకారు మంచి కెమెరా కొనాలని తేల్చుకున్నాడు. మంచిదంటే మంచిదే. సగం మంచిది కొంటే మిగతా సగానికి మళ్లీ ఖర్చు తప్పదు.

కెమెరాల దుకాణం ఉన్నది తోడల్లుడికే, అంటే భార్య చెల్లెలి మొగుడికి. అక్కడ కొనాలా వద్దా అని షావుకారు మూడు రోజులు ఆలోచించాడు. బయట కొంటే ఇంట్లో మొహాలు మాడిపోతాయి. అక్కడే కొంటే గట్టిగా బేరమాడ్డానికి నోరు రాదు. ఆఖరికి బయట నాలుగు దుకాణాల్లో ధరలు కనుక్కుని, చీటీ మీద రాసుకుని, ఆ చీటీ జేబులో పెట్టుకుని తోడల్లుడి దగ్గరికి వెళ్లాడు. చీటీ బయటికి తియ్యాల్సిన పనే పడలేదు. తోడల్లుడు చెప్పిన ధర ఆ నాలుగింటి కంటే తక్కువ. పూసల దుకాణం అద్దెలో చెప్పాలంటే, కెమెరా బయటి ఖరీదు అయిదు నెలల అద్దె. తోడల్లుడు తగ్గించింది అర నెల.

అడక్కుండానే తగ్గించేసరికి షావుకారుకి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. అడిగి తగ్గించుకుంటే అది తన తెలివి. అడక్కుండా తగ్గిందంటే అవతలివాడి దగ్గర ఏదో కారణం ఉండాలి.

"సీలు వేసిన పెట్టే ఇవ్వు తమ్ముడూ. బల్ల మీద పెట్టి వచ్చినవాళ్లందరూ పిసికింది వద్దు," అన్నాడు.

"మీ సంగతి నాకు తెలీదా అన్నయ్యా!" అని నవ్వి తోడల్లుడు లోపలి గదిలోకి వెళ్లాడు. పెట్టె తేవడానికి టీ చల్లారిపోయేంత సేపు పట్టింది. తెచ్చాక, బల్ల మీదున్న వేరే కెమెరాతో నొక్కడం ఎలాగో చూపించాడు. టిక్ మంది. "అంతే. మిగతావన్నీ అదే చూసుకుంటుంది. ఉత్తినే ఒక కార్డు కూడా వేశాను. పది రోజుల్లో నచ్చకపోతే పట్టుకొచ్చెయ్యండి. పదకొండో రోజైతే నేనూ ఏం చెయ్యలేను, కంపెనీవాడు తీసుకోడు."

దుకాణానికి వచ్చి పెట్టె విప్పగానే షావుకారు మొదట చేసిన పని, కెమెరా మీదున్న చక్రాలన్నీ ఒక్కోటీ తిప్పి చూడటం. తిప్పి చూడకుండా అతను తాళంకప్ప కూడా కొనడు. అన్నీ బిగువుగా తిరిగాయి. తృప్తిపడి, కెమెరాని స్టాండుకి బిగించి, కిటికీ వెలుతురులో చిలకపచ్చ పూసలు గుప్పెడు పోసి నొక్కాడు.

టకటకటకటక మని కుట్టుమిషను పరుగెత్తినట్టు చప్పుడు.

"ఇదేంటండీ, ఇలా అరుస్తోంది?" అంది భార్య.

"ఖరీదైనది మరి. పలక్కుండా ఎలా ఉంటుంది?"

తోడల్లుడి బల్ల మీద కెమెరా టిక్ మని ఊరుకున్న మాట గుర్తొచ్చింది. అది వేరే రకం కదా, తక్కువ ఖరీదుది అయ్యుంటుంది అని సర్దుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు అతనికి నచ్చింది. పెట్టిన డబ్బు చెవికి వినిపిస్తున్నట్టుంది. తెర మీద చూస్తే చిలకపచ్చ చిలకపచ్చగానే ఉంది. పూస బొడ్డులో చిల్లు, చిల్లు అంచున గాజు మెరుపు, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

అయిదు రోజులు షావుకారు నేల మీద నడవలేదు. తీసిన ప్రతి ఫోటోకీ నోటుబుక్కులో ఒక గీత పెట్టాడు. ఏ సొరుగు, ఏ రంగు, ఎన్నో ఫోటో, అన్నీ రాశాడు. చీటీ రాసి పంపినవాళ్లే ఫోను చేసి, ఈసారి రంగు కళ్లతో చూసినట్టే ఉందన్నారు. రెండు కొత్త ఆర్డర్లు వచ్చాయి. పెట్టిన నాలుగున్నర నెలల అద్దె అయిదారు నెలల్లో రాబట్టేస్తానని లెక్క కట్టుకున్నాడు. చికాకు పెట్టినవి రెండే. బ్యాటరీ పూట గడవకముందే దిగిపోతోంది. తోడల్లుడు ఉత్తినే ఇచ్చిన కార్డు నాలుగో రోజుకే నిండిపోయి ఇంకోటి కొనాల్సి వచ్చింది. ఉత్తినే వచ్చింది ఆ మాత్రమే ఉంటుందిలే అనుకున్నాడు. తీసినవి మాత్రం ఒక్కటి కూడా చెరపలేదు. అతనికి సరుకు పారేసే అలవాటు లేదు.

ఆరో రోజు, స్టూడియో నడిపే ఫోటోగ్రాఫరు వెండిచమ్కీల కోసం వచ్చాడు. వెనక తెరకి అతికిస్తాడట. స్టాండు మీద కెమెరా చూసి చమ్కీల సంగతి మరిచిపోయాడు.

"షావుకారు గారూ, మీరు మామూలోళ్లు కాదే! ఎక్కడ కొన్నారు?"

"మావాళ్ల దగ్గరే."

"కొత్తదా?"

"సీలు పెట్టె."

"మీటరు చూశారా?"

"కెమెరాకి మీటరేంటయ్యా, అదేమన్నా టాక్సీనా?"

"ఉంటుంది సార్. నొక్కిన ప్రతిసారీ లోపల ఒక తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. ఎన్నిసార్లు తెరుచుకుందో అదే లెక్క రాసుకుంటుంది. చాలామంది వాడిన కెమెరాని తుడిచి, పెట్టెలో పెట్టి, కొత్తదని అంటగట్టేస్తున్నారు. ఇలా ఇవ్వండి, చూస్తాను," అని చెయ్యి చాపాడు.

షావుకారు స్టాండుని తన వైపుకి జరుపుకున్నాడు. "చెయ్యి పడాల్సిందేనా? వేరే దారి లేదా?"

ఫోటోగ్రాఫరు నవ్వాడు. "ఒక ఫోటో నా ఫోనుకి పంపండి. దాని కడుపులోనే రాసి ఉంటుంది."

పంపాడు. ఫోటోగ్రాఫరు ఏదో తెరిచి, వేలితో కిందికి జరిపి, ఒకసారి ఈల వేశాడు. "రెండువేల ఎనిమిది వందల నలభై నాలుగు."

షావుకారు నోటుబుక్కు తీశాడు. గీతలు నూట పద్దెనిమిది.

"సార్, ఇది పెళ్లిళ్లు చూసిన కెమెరా," అన్నాడు ఫోటోగ్రాఫరు. ఫోను జేబులో పెట్టుకుంటూ, అదేదో ఇప్పుడే తోచినట్టు, "మీకు మనసు విరిగి అమ్మెయ్యాలనుకుంటే నాకు చెప్పండి. సగం ధర ఇస్తాను," అన్నాడు.

సగం ధర అనే మాట వినగానే షావుకారు అనుమానం నిలువునా రెండుగా చీలింది. ఒక చీలిక తోడల్లుడి మీదికి పోయింది, రెండోది ఈ ఫోటోగ్రాఫరు మీదే ఆగింది. సగానికి కొట్టెయ్యాలని నోటికొచ్చిన అంకె చెప్పడం లేదు కదా? "ఆ మీటరు చూసే విద్య నాక్కూడా చూపించు," అన్నాడు. చూపించాడు. షావుకారు తన ఫోనులో తనే చూసుకున్నాడు. అదే అంకె. ఒక చీలిక అక్కడితో మూసుకుపోయింది. రెండోది ఇంకాస్త తెరుచుకుంది.

అతను వెళ్లగానే షావుకారు కెమెరా వచ్చిన అట్టపెట్టె దించి, పూసల్లో పగుళ్లు చూసే భూతద్దం పెట్టి, మూత దగ్గరున్న గుండ్రటి సీలుకాగితాన్ని పరీక్షించాడు. సీళ్ల సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఒక్కసారి అతికిన జిగురు చుట్టూ గీత ఒకటే ఉంటుంది. దీనికి రెండున్నాయి. వెంట్రుకంత ఎడంతో, ఒకదాని పక్కన ఒకటి. మధ్యలో సన్నటి దుమ్ము.

అంటే ఎవరో తీశారు. తీసి మళ్లీ అతికించారు.

తల కొట్టేసినట్టయింది. టీ చల్లారేంత సేపు తోడల్లుడు లోపల ఏం చేశాడో ఇప్పుడు తెలిసింది. అడక్కుండా అర నెల అద్దె ఎందుకు తగ్గిందో తెలిసింది. పూట గడవకముందే దిగిపోయే బ్యాటరీ, అది కూడా ముసలిదే అన్నమాట. కార్డు కూడా ఎవరిదో వాడేసిందే అయ్యుంటుంది. ఒక్కటొక్కటిగా అన్నీ వచ్చి తమ తమ సొరుగుల్లో పడ్డాయి.

"మరిదిగారు అలాంటి పని చెయ్యరు," అంది భార్య వినగానే.

"చెయ్యడని నీకెలా తెలుసు?"

"చెయ్యాల్సినంత అవసరమేముంది?"

"అవసరం అందరికీ ఉంటుంది. తీరిందా లేదా అన్నదే తేడా."

"అయితే ఫోను చేసి అడగండి."

"అడిగితే జాగ్రత్త పడతాడు. వాడు జాగ్రత్త పడ్డాక నాకు దొరికేదేముంది?"

భార్య పొట్లాం కట్టడం ఆపేసింది. "ఏవండీ, ఒక్క మాట. మీరు వెళ్లి దొంగ అన్నారంటే, ఆయన మీకు డబ్బు ఇచ్చేస్తారు. మీ లెక్క మీకు సరిపోతుంది. రేపట్నుంచి పదకొండింటికి నా ఫోను మోగదు. అది ఏ సొరుగులో వేసుకోమంటారు?"

ఉదయం పదకొండింటికి చెల్లెలు ఫోను చెయ్యడం ఇరవయ్యేళ్ల నుంచీ ఉన్నదే. పావుగంట మాట్లాడుకుంటారు. పెళ్లయిన కొత్తలో దుకాణం బేరాలు లేక మూతపడబోయినప్పుడు కూడా ఆ పావుగంట ఆగలేదు. ఆ కబుర్లలో వ్యాపారానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు గానీ, ఆ పావుగంట అయ్యాక భార్య పొట్లాలు కట్టే వేగం రెట్టింపవుతుందని షావుకారు ఎప్పుడో గమనించాడు.

అందుకే తొందరపడలేదు. ఇంకోసారి రుజువు చూసుకుందామనుకున్నాడు. ఇంతకీ తనకి తెలీకుండా దుకాణంలోనే ఎవరైనా నొక్కుతున్నారేమో! ఎవరైనా అంటే ఉన్నది భార్య ఒక్కతే. ఆ సంగతి పైకి అనలేదు. ఆ సాయంత్రం కెమెరాని పెద్ద కవర్లో దించి, మూతి మిషనులో పెట్టి, పిడి నొక్కి, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి అతికించేశాడు. అతుకు మీద పెన్నుతో సంతకం కూడా పెట్టాడు.

భార్య చూసింది. "నన్నూ అందులో దింపి అతికించెయ్యండి. మీకు నిశ్చింత," అంది.

మర్నాడు కవరు కోసి, ఏడు రకాల పచ్చలూ, పదిహేను రకాల నీలాలూ తీసి, మళ్లీ అతికించాడు. నోటుబుక్కులో ఇరవై రెండు గీతలు. ఎనిమిదో రోజు పొద్దున చూస్తే అతుకు చెక్కుచెదరలేదు, సంతకం అడ్డంగా అలాగే ఉంది. ఆఖరి ఫోటోని ఫోనులోకి దించుకుని మీటరు చూశాడు. మూడువేల మూడు వందల అరవై మూడు.

రెండుసార్లు తీసివేత చేశాడు. అయిదు వందల పంతొమ్మిది. తను నొక్కింది ఇరవై రెండు. ఎవరూ ముట్టుకోలేదు. అయినా తిరిగింది. అంటే పాతదే కాదు, పాడైపోయింది కూడా. ఎవడో చెడగొట్టి తిరిగిచ్చిన యంత్రాన్ని తనకి తగిలించాడు. అంత లెక్కల మనిషికి ఆ వేళ తీసివేతలు తప్ప భాగహారం చెయ్యాలని తోచలేదు. పోయినదాన్ని వెతికేవాడు తీసివేతలే చేస్తాడు.

తొమ్మిదో రోజంతా కెమెరా ముట్టుకోలేదు. వచ్చిన బేరగాళ్లకి ధరలు చెప్పడంలో కూడా తడబడ్డాడు. పదో రోజు పొద్దున పెట్టె, బిల్లు, కార్డులు, నోటుబుక్కు, భూతద్దం సంచీలో సర్దాడు.

"నేను రాను," అంది భార్య. "ఇదంతా నాకు తెలీదని మాత్రం చెప్పండి. అబద్ధమైనా సరే చెప్పండి."

కెమెరాల దుకాణంలో ఆ వేళప్పుడు ఎవరూ లేరు. తోడల్లుడు గుడ్డతో అద్దాలు తుడుస్తున్నాడు. "రండి అన్నయ్యా! పూసలు ఎలా పడుతున్నాయి?" అన్నాడు.

షావుకారు కూచోలేదు. సంచీలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవాళ పదో రోజు. తిరిగిచ్చేస్తున్నాను."

తోడల్లుడి చేతిలో గుడ్డ ఆగింది. "నచ్చలేదా?"

"నచ్చింది. కొత్తదైతే ఇంకా నచ్చేది."

ఆ మాట పడ్డాక రెండు దుకాణాల మధ్య ఇరవయ్యేళ్ల రాకపోకలు ఒక్క క్షణం తూకం ముల్లులా అటూ ఇటూ ఊగాయి. షావుకారు ఆగలేదు. ఆగితే మళ్లీ అనలేనని తెలుసు. మీటరు అంకె చెప్పాడు. నోటుబుక్కు తెరిచి గీతలు చూపించాడు. భూతద్దం తీసి సీలు కాగితం మీద రెండు గీతలు చూపించాడు. దొంగ అనే మాట మాత్రం వాడలేదు. వాడాల్సిన అవసరం లేకుండానే వినిపించింది.

తోడల్లుడు అన్నీ విన్నాడు. తర్వాత సొరుగు తీసి, డబ్బు లెక్కపెట్టి, బల్ల మీద పెట్టి, పైన చిన్న గాజుబరువు పెట్టాడు.

"రూలు రూలే అన్నయ్యా. పది రోజులన్నాను, పదో రోజే వచ్చారు. పుచ్చుకోండి. వెనక్కి వచ్చిన సరుకు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం నా రూలు. అయిదు నిమిషాలు కూచోండి."

కోపం లేని ఆ గొంతు షావుకారుకి కోపం కంటే ఎక్కువ అనుమానం తెచ్చింది. కూచున్నాడు. డబ్బు ముట్టుకోలేదు. తోడల్లుడు కెమెరా పట్టుకుని పైన చక్రం ఒకటి చూశాడు. కార్డు తెరిచి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. రెండో కార్డు కూడా చూసి కెమెరాని షావుకారు ముందు పెట్టాడు.

"ఇక్కడ ఒక ఫోటో తియ్యండి. మీ దుకాణంలో ఎలా తీస్తారో అలాగే."

"ఇప్పుడెందుకు?"

"తియ్యండి అన్నయ్యా, రూలే అనుకోండి."

షావుకారు బల్ల మీది గాజుబరువు వైపు తిప్పి నొక్కాడు. ఒకటి, రెండు, మూడు. టకటకటకటక.

తోడల్లుడి మూతి ఒక పక్కకి వంగింది. నవ్వో, ఏడుపో తెలీలేదు. "అత్తగారింటి గంట," అన్నాడు.

"ఏంటి?"

"అత్తగారింటి గంట నొక్కినట్టు నొక్కారు. ఈ చక్రం మీరు తిప్పారా?"

"అన్నీ తిప్పి చూశాను. సరుకు తిప్పి చూడనా?"

"దీన్ని ఈ గుర్తు మీద పెడితే, వేలు ఎత్తేదాకా ఆగకుండా తీస్తూనే ఉంటుంది. ఆటల పోటీలు తీసేవాళ్ల కోసం. పరుగెత్తేవాళ్లూ, దూకేవాళ్లూ. మీ పూసలు ఎక్కడికి పరుగెత్తుతాయి చెప్పండి? ఒక్క నొక్కుకి పడినవన్నీ కట్టగా కట్టి, పైదొక్కటే చూపిస్తుంది. చూడండి." వేలితో ఏదో తట్టాడు. ఒక్క గాజుబరువు ఇరవై నాలుగు గాజుబరువులై తెర నిండా పరుచుకుంది. వెనక్కి వెళ్లి చిలకపచ్చ గుప్పెడు తెరిచాడు. ఇరవై మూడు గుప్పెళ్లు. ముదురు నీలం, ఇరవై నాలుగు. "ఇలా తీస్తే బ్యాటరీ ఎంతసేపుంటుంది? కార్డు ఎన్నాళ్లొస్తుంది?"

షావుకారు ఆ గుప్పెళ్లు వేలితో లెక్కపెట్టి చూసుకున్నాడు, సరిపోయాయి. అయినా అలవాటు ఊరుకోదు. "ఇవాళ్టిది పక్కన పెట్టు. దానికి ముందువి రెండు కార్డుల్లోనూ కలిపి మొత్తం ఎన్ని?" అన్నాడు.

తోడల్లుడు చూసి చెప్పాడు. "మూడువేల మూడు వందల యాభై ఒకటి."

షావుకారు పెదాలు కదిలాయి. "మీటరు మూడువేల మూడు వందల అరవై మూడు. ఇంకా పన్నెండు తేడా వస్తోంది."

అని ఊరుకుంటే పోయేది. "సీలు కూడా తీసి ఉంది," అన్నాడు.

తోడల్లుడు అద్దాలు తుడిచే గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. మళ్లీ విప్పాడు. "ఆ పన్నెండూ నావే. ఆ రోజు నా దగ్గర ఇవే మూడు ఉన్నాయి. మూడు పెట్టెలూ తెరిచాను. ఒక్కోదానితో పన్నెండు తీసి చూశాను. ఒకదాంట్లో తెర మూల చుక్క కనబడింది. ఒకటి పచ్చని కాస్త పసుపు చేస్తోంది. మీకు కావలసిందే పచ్చ. మూడోది మీకు పెట్టాను. బయటివాళ్లకైతే సీలు తియ్యను. చేతికి ఏది వస్తే అది ఇచ్చేస్తాను, బాగాలేకపోతే వాళ్లే తెస్తారు."

"ఆ ముక్క నాకప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరేమనేవారు? సీలు తీసిందా, అయితే ఇంకోటి తెప్పించు అనేవారు. అవునా, కాదా?"

అవునని షావుకారుకి తెలుసు. అవతలివాడికి తన లోపలి లెక్క ఇంత బాగా తెలుసు. తనకి మాత్రం అవతలివాడి లెక్క ఒక్కటీ తెలీదు. ఫోటోగ్రాఫరు చెయ్యి చాపినప్పుడు కెమెరా ఇచ్చి ఉంటే, ఆ నిమిషంలోనే తేలిపోయేది. భార్య చెప్పినట్టు ఫోను చేసినా తేలిపోయేది. ఎవరి చేతికీ ఇవ్వకుండా అతికించుకుని కూచున్నాడు.

గాజుబరువు కింద డబ్బుని వేలితో తోడల్లుడి వైపుకి నెట్టాడు. "సరే, పొరపాటు నాదే. ఇది తీసుకో. నా కెమెరా నాకిచ్చెయ్యి."

"అలా కుదరదు అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు నెమ్మదిగా. "బిల్లు రద్దయింది. తిరిగొచ్చింది ఇప్పుడు వాడిన సరుకు. అదిగో, ఆ పక్క అరలో పెట్టి తక్కువకి అమ్ముకోవాలి. మీకు కొత్తది కావాలంటే సీలు పెట్టె తెప్పించి ఇస్తాను. నేను తెరవను. ధర బయట నాలుగు దుకాణాల్లో ఎంతో అంతే. మీ జేబులో ఆ చీటీ ఉండే ఉంటుంది."

చీటీ సంగతి కూడా తెలుసన్నమాట! షావుకారు చెయ్యి తనకి తెలీకుండానే జేబు మీదికి పోయింది.

అప్పుడొక ఆలోచన వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది గానీ, పాతికేళ్ల వ్యాపారం వచ్చేలా చేసింది. ఇది వాడిన సరుకు కింద తక్కువకి వస్తుంది. వాడింది తనే. తనకి దీని మంచీచెడూ అన్నీ తెలుసు. ఇప్పుడు పక్క అర ధరకి తనే కొనుక్కుంటే ఇంకో నెల అద్దె మిగులుతుంది. నష్టం తోడల్లుడిది. రూలు రూలే అన్నవాడు కాదనలేడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

తలెత్తి చూశాడు. తోడల్లుడు తననే చూస్తున్నాడు. ఆ ఆలోచన కూడా కనబడిపోయినట్టుంది. ఏం చేస్తాడో చూద్దామన్నట్టు గుడ్డ మడత పెడుతున్నాడు.

"సీలు పెట్టె వద్దు," అన్నాడు షావుకారు. "ఇదే కావాలి. కొత్తదాని ధరకే. బిల్లు రాయి."

"వాడినదానికి కొత్త ధర నేను తీసుకోను."

"మీటరు తిప్పింది నా వేలు. దాని డబ్బు నేను కట్టకుండా ఇంకెవరు కడతారు? నువ్వు తగ్గించింది కూడా కలుపుకుని రాయి తమ్ముడూ."

తోడల్లుడు బిల్లు పుస్తకం ముందుకి లాక్కున్నాడు. ఆ తగ్గించింది వద్దులెండి అంటాడేమోనని షావుకారు లోపల ఒక మూల ఆశపడ్డాడు. అనలేదు. బిల్లు రాశాడు. పూర్తి ధర, కింద సంతకం. షావుకారు మిగతా డబ్బు కలిపి ఇచ్చాడు. ఈ బేరంలో పోయింది అర నెల అద్దె. అంత అనుమానానికి ఆ ధర చవకే అనుకున్నాడు గానీ, ఆ బిల్లు కాగితం మడతపెట్టే ముందు మొత్తం ఇంకోసారి కూడి చూసుకున్నాడు.

తోడల్లుడు చక్రాన్ని సరైన గుర్తు మీదికి తిప్పి, కెమెరాని చేతికిచ్చాడు. "ఇప్పుడు మీరు వంద లెక్కపెట్టినా ఒకటే పడుతుంది. ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి."

ఆ మాట ఎలా అన్నాడు? మామూలుగా ఎప్పుడూ అన్నట్టే అన్నాడా, అనాలి కాబట్టి అన్నాడా? ఏడు పచ్చల్లో అర ఛాయ తేడా పట్టే కన్ను షావుకారుది. ఆ మొహంలో ఏ రంగుందో మాత్రం పట్టలేకపోయాడు.

దుకాణానికి వచ్చి జరిగింది జరిగినట్టు భార్యకి చెప్పాడు. చక్రం సంగతి, గంట సంగతి, పన్నెండు సంగతి, అన్నీ. పక్క అర ఆలోచన ఒక్కటీ చెప్పలేదు. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "పదకొండు దాటింది," అంది. ఆ రోజు ఫోను మోగలేదు.

మర్నాడు పదిన్నర నుంచీ ఇద్దరూ ఏం తోచక పనిలో పడ్డారు. ఆవిడ ఒకే పొట్లాన్ని మూడుసార్లు తూచింది. షావుకారు కొత్తగా వచ్చిన వంకాయరంగు పూసలు కిటికీ దగ్గర పోసి, స్టాండు సరిచేస్తూ కూచున్నాడు. గడియారం పదకొండు చూపించింది. పదకొండూ పది చూపించింది. భార్య చేతులు తుడుచుకుని, మళ్లీ తూకం ముందు కూచుంది.

పదకొండుంపావుకి ఫోను మోగింది.

"ఆఁ, చెప్పవే," అంది ఆవిడ. తర్వాత చాలాసేపు వింటూ కూచుంది. "అవునా?... మీ ఆయన చెప్పారా?... ఎన్నన్నారూ?" షావుకారు మెడ తిప్పకుండా చెవి ఒక్కటీ అటు పడేశాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి, ఫోను చెవికి నొక్కుకుని, సొరుగుల చివరిదాకా నడిచి, అటు తిరిగి గొంతు తగ్గించింది. ఒక్క ముక్క వినబడలేదు. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఒకసారి కాదు, ఆగి మళ్లీ నవ్వింది.

దేనికి నవ్వింది? గంట గురించా? ఇరవై నాలుగు గాజుబరువుల గురించా? లేక తోడల్లుడు ఆ పక్క అర ఆలోచన కూడా పసిగట్టి ఇంట్లో చెప్పేశాడా?

అడిగితే చెబుతుందేమో. అడగలేదు. కెమెరా వైపు వంగి, వంకాయరంగు పూసల మీద అద్దం సరిచేసి, వేలు ఆనించాడు. మనసులో ఒకటి అనుకున్నాడు. రెండు రాకముందే, కష్టపడి, వేలు పైకెత్తేశాడు.

టిక్ మంది. షావుకారు నోటుబుక్కు తెరిచి ఒక గీత పెట్టాడు.